మహమ్మారియు, మరల రాని రక్తదాతయు

2021 ఏప్రిల్ 22వ తేదీ రాత్రి విశాఖ ఉక్కు కర్మాగారము నుండి ఒక రైలుబండి బయలుదేరినది. చదునైన పెట్టెలపై ఏడు ట్యాంకరు లారీలను నిలిపి గొలుసులతో బంధించిరి. వానిలో సుమారు నూరు టన్నుల ద్రవరూపమైన ఆక్సిజన్ కలదు. బండి మహారాష్ట్రమునకు పోయి, కొన్ని ట్యాంకర్లను నాగపురమున దింపి, తక్కినవానిని నాసికకు చేర్చినది. దేశములో ప్రాణవాయువును నింపుకొని ఆ విధముగా నడచిన మొదటి రైలు అదియే. ఉక్కు తయారీకై గాలి నుండి ఆక్సిజన్‌ను వేరుచేయు యంత్రములు కర్మాగారములో ముందునుండియు ఉన్నవి. కొలిమికి పోవలసిన దానిని రోగి ముక్కునకు మరలించిరి. ఆనాడు విశాఖవాసులందరు గర్వపడిరి, గర్వపడదగిన పనియే.

అవే దినములలో దేశమందలి బ్లడ్ బ్యాంకులు మరియొక ద్రవ్యమునకై వెదకుకొనుచుండెను. ఆ ద్రవ్యమును చేయు యంత్రము ఇంతవరకు ఏ కర్మాగారమునందును లేదు. మనుష్యుని ఎముకలలోని మూలుగలో అది పుట్టవలయును. ఒక మనుష్యుడు తానై వచ్చి చేయి చాచవలయును. కోవిడ్ మహమ్మారి ఆ చేయి చాచు అలవాటును ఏమి చేసినది, ఆ అలవాటు మరల ఎట్లు కుదురుకొనుచున్నది అను విషయమును ఈ ప్రసంగములో కొంత వివరింపనెంచినాము.

ముందుగా రక్తము నిలువ సంగతి. మన దేశములో ఒక దాతనుండి ఒకసారి 350 మిల్లీలీటర్లు తీయుదురు. దాత బరువు 55 కిలోలకు మించినచో 450 మిల్లీలీటర్ల వరకు తీయవచ్చును. అట్లు తీసిన రక్తమును మూడు భాగములుగా వేరుచేయుదురు. ఎర్రకణములను 2 మొదలు 6 డిగ్రీల చలిలో ఉంచిన 35 దినములు, పోషక ద్రావణము కలిపినచో 42 దినములు నిలువయుండును. ప్లాస్మాను గడ్డకట్టించి ఒక సంవత్సరము దాచవచ్చును. ప్లేట్‌లెట్లు అనబడు సూక్ష్మకణములు మాత్రము మిక్కిలి సుకుమారములు. వానిని చలిలో ఉంచరాదు; గది వేడిమిలోనే మెల్లగా ఊపుచుండవలయును; అంత శ్రద్ధ చేసినను అయిదు దినములే వాని ఆయుర్దాయము.

కావున దీపావళినాడు తీసిన రక్తము సంక్రాంతికి పనికి రాదు. వడ్లవలె గాదెలో పోసి, కరవు వచ్చినప్పుడు తీసి వాడుకొందమన్న వీలు లేదు. బ్లడ్ బ్యాంకువారి నిజమైన గాదె వారి దాతల పట్టిక. ఎవరు ఏ గ్రూపువారు, ఎప్పుడు ఇచ్చిరి, మరల ఎప్పుడు ఇయ్యగలరు అని వ్రాసియుంచిన ఆ పట్టికలోని మనుష్యులు ఊరిలో తిరుగాడుచు, తమ శరీరములలో రక్తమును తాజాగా నిలువచేయుచుందురు. పురుషులు 90 దినములకొకసారి, స్త్రీలు 120 దినములకొకసారి ఇయ్యవచ్చును. 2020 మార్చిలో దెబ్బతగిలినది ఈ పట్టికకు.

విశాఖపట్టణమున ఈ పట్టిక విలువ ఏపాటిదో తెలియుటకు ఆ నగరపు ఆసుపత్రుల వాకిట ఒక ఉదయము నిలిచిన చాలును. కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో వెలసినది. జనులు కె.జి.హెచ్. అని పిలుచు ఆ ఆసుపత్రికి శ్రీకాకుళము, విజయనగరము సీమలనుండి, పాడేరు, అరకు మన్యమునుండి, సరిహద్దు దాటి ఒడిషాలోని కొరాపుట్, మల్కనగిరి ప్రాంతములనుండి రోగులు వత్తురు. నగరములో వేరు ఆసుపత్రులును అనేకములున్నవి, ఎ.ఎస్. రాజా స్వచ్ఛంద రక్తనిధి వంటి సంస్థలును పనిచేయుచున్నవి. ప్రసవవేళ రక్తస్రావమైన తల్లి, రోడ్డు ప్రమాదమున దెబ్బతిన్న యువకుడు, క్యాన్సరు మందులచే రక్తము క్షీణించిన రోగి, శస్త్రచికిత్సకు ఎదురుచూచు వృద్ధుడు, వీరందరును ఒకే చలి పెట్టె వైపు చూచువారే.

వీరుగాక, నెలనెలా తప్పక వచ్చువారు కొందరున్నారు. తలసీమియా అను జన్మవ్యాధి గల బిడ్డ శరీరము తనకు కావలసిన మంచి రక్తకణములను తాను చేసికొనలేదు. రెండు మొదలు నాలుగు వారములకొకసారి రక్తమెక్కించిననే ఆ బిడ్డ బడికి పోవును, ఆడుకొనును. ఏటికి పదునైదు, ఇరువది పర్యాయములు. అది జీవితాంతము జరుగవలసినది. మన్యపు గిరిజనులలో కానవచ్చు సికిల్ సెల్ వ్యాధి మరియొకటి. ఇందు గుండ్రని ఎర్రకణములు కొడవలివలె వంకరలు తిరిగి సన్నని నాళములలో చిక్కుకొని భరింపరాని నొప్పి కలిగించును. కణములు త్వరగా చితికిపోవుటచే రక్తహీనత ఏర్పడును. తీవ్రస్థితిలో రక్తమెక్కించుట తప్పదు. ఈ వ్యాధి నిర్మూలనకై కేంద్ర ప్రభుత్వము 2023 జులై 1వ తేదీన ఒక జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. లాక్‌డౌన్ వచ్చినదని ఈ బిడ్డల శరీరములు నెల దినములు ఆగునా? తక్కిన శస్త్రచికిత్సలను వాయిదా వేయవచ్చును. వీరిది వాయిదాకు లొంగు అవసరము కాదు.

ఇక రక్తము వచ్చు మార్గములు. మన ప్రాంతమున రక్తసేకరణము ముఖ్యముగా శిబిరములపై ఆధారపడియున్నది. కళాశాలలో ఎన్.ఎస్.ఎస్. వారు ఒక హాలులో మంచములు పరచిన, మధ్యాహ్నమునకు నూరుగురు విద్యార్థులు వరుస కట్టుదురు. కర్మాగారములలో, ఓడరేవులో, నౌకాదళ విభాగములలో శిబిరములు జరుగును. సినీ నటుల జన్మదినములకు అభిమాన సంఘములవారు, నాయకుల జన్మదినములకు అనుచరులు శిబిరములు పెట్టుట ఆంధ్రదేశమున ఒక ఆచారమే అయినది. దీనిని చూచి నవ్వువారు ఉన్నారు. మాకు మాత్రము నవ్వురాదు. పూలదండలకు, బాణసంచాకు పోవు ఉత్సాహము రక్తపు సంచిలోనికి మరలిన అందు తప్పేమున్నది?

రెండవ మార్గము బదులు రక్తము. ఆసుపత్రిలోని సంచి ఒకటి వాడిన, రోగి బంధువులలో ఒకరు వచ్చి మరియొక సంచి ఇచ్చి లెక్క సరిచేయుదురు. మూడవ మార్గముగా ఒకప్పుడు డబ్బుకు రక్తము అమ్ముకొనువారు ఉండిరి. ఆకలిచేతనో, వ్యసనముచేతనో అమ్ముకొనువాడు తన జబ్బును దాచును. సుప్రీంకోర్టు 1996 జనవరి 4వ తేదీ తీర్పులో ఈ వర్తకమును రెండేండ్లలో మాన్పవలెనని ఆదేశించినది. తీసిన ప్రతి సంచిని హెచ్.ఐ.వి., రెండు విధముల కామెర్లు, సిఫిలిస్, మలేరియా అను అయిదింటికి పరీక్షింపవలెనన్నది నియమము. అయినను పరీక్షకు చిక్కని తొలిదినముల జబ్బులుండును గనుక, దాచవలసిన కారణము లేని స్వచ్ఛంద దాతయే, అందును మరల మరల వచ్చి పలుమార్లు పరీక్ష నెగ్గిన దాతయే, రోగికి మిక్కిలి క్షేమకరుడు. మరల వచ్చుట అను మాటను పాఠకులు మనసున ఉంచుకొనగోరుచున్నాము.

2020 మార్చి 19న విశాఖలో కోవిడ్ మొదటి కేసు బయటపడినది. 22వ తేదీ ఆదివారము జనతా కర్ఫ్యూ. 25 నుండి దేశమంతట లాక్‌డౌన్. కళాశాలలు మూతపడెను. గుంపు కూడరాదన్నప్పుడు శిబిరమేమి? జన్మదినమేమి? బస్సులు నిలిచినవి గనుక బదులు రక్తమిచ్చు బంధువులును రాలేరైరి. మన్యమునుండి ప్రసవమునకు వచ్చిన యువతికి తోడుగా ముసలితల్లి ఒక్కతె వచ్చును. పెనిమిటియు, మరదులును ఊరిలోనే నిలిచిపోవుదురు. పై వానితో మరియొక చిక్కు కలిసినది. ఏటేట మార్చి మొదలు జూను వరకు మన బ్లడ్ బ్యాంకులకు కరవుకాలమే. పరీక్షలు, పిమ్మట సెలవులు, ఆపై విశాఖ ఉక్కపోత. ఆ కరవు నెలలలోనే మహమ్మారియు వచ్చి పడినది.

రోగుల అవసరమును కొంత తగ్గినమాట నిజమే. అత్యవసరము కాని శస్త్రచికిత్సలను ఆపివేసిరి. రోడ్లు నిర్మానుష్యములగుటచే ప్రమాదములు తగ్గెను. త్రాసులో రెండు తట్టలును పైకి లేచినవని కొందరు ఊరట చెందిరి. కాని తలసీమియా బిడ్డల తట్ట లేవలేదు, ప్రసవముల తట్ట లేవలేదు. పైగా ఈ విశాఖలోనే మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి పన్నిద్దరు ప్రాణములు కోల్పోయిరి. వందల మందిని ఆసుపత్రులకు చేర్చిరి. వారికి కావలసినది రక్తము కాకపోయినను, ఆపద మహమ్మారి సెలవు తీసికొను వరకు ఆగి రాదని నగరమునకు ఆ వేకువ తెలిసివచ్చినది.

ఈ కష్టము మనకొక్కరికే కలుగలేదు. అమెరికాలో రెడ్‌క్రాస్ సంస్థవారు 2020 మార్చి 17 నాటికే సుమారు 2,700 శిబిరములు రద్దు అయినవనియు, తత్ఫలితముగా 86,000 సంచుల రక్తము రాకపోయెననియు ప్రకటించిరి. వేల ఆసుపత్రులు, లక్షల దాతలు గల దేశములోనే రెండు వారములలో అట్టి గండి పడినది.

ప్రభుత్వము చేయవలసినది త్వరగానే చేసినది. మన జాతీయ రక్తమార్పిడి మండలివారు మార్చి 25వ తేదీన, అనగా లాక్‌డౌన్ మొదటినాడే, నిబంధనలు వెలువరించిరి. రోగితో మెలగినవారు, విదేశములనుండి వచ్చినవారు, వ్యాధి సోకి కోలుకొన్నవారు 28 దినముల వరకు రక్తమియ్యరాదు, తక్కినవారు నిరభ్యంతరముగా ఇయ్యవచ్చును, మంచములమధ్య ఎడముండవలయును. కోవిడ్ ఊపిరితో వ్యాపించు వ్యాధి. రక్తమార్పిడివలన సోకినట్లు ఎచటను నిరూపణ కాలేదు. ఇచ్చువారికి సూదివలన వచ్చు అపాయమును లేదు; ప్రతివారికి క్రొత్త సూది, క్రొత్త సంచి.

అయినను భయమునకు ఈ సమాధానములు చాలలేదు. భయములు రెండు తెరగులు. మొదటిది ఆసుపత్రి గడపను గూర్చినది. బ్లడ్ బ్యాంకు ఆసుపత్రి ఆవరణలో ఉన్నయెడల, ఆ గాలి పీల్చి వత్తుమేమో, ఇంటిలోని వృద్ధులకు అంటింతుమేమో అను శంక. దీనిని మూఢభయమని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు. ఆనాడు తల్లి కొడుకును వాకిట ఆపి, “నీకేం పరవాలేదురా, మీ నాన్నకి షుగరుంది” అన్నచో అందు ప్రేమయే కలదు. రెండవది, రక్తమిచ్చిన శరీరములోని రోగనిరోధకశక్తి సన్నగిల్లునను భయము. ఇది సరికాదు. తీసిన ద్రవభాగమును శరీరము ఒకటి రెండు దినములలో పూరించుకొనును. ఎర్రకణములు కొన్ని వారములలో పూడును. వ్యాధులతో పోరు తెల్లకణముల సైన్యమునకు ఒక సంచిచే లోపము రాదు. ఇనుప ధాతువు మాత్రము ఆలస్యముగా చేరును; దాతకును దాతకును మధ్య మాసముల ఎడము విధించుట అందులకే.

గుంపులు పోయినందున దాతలను ఒక్కొక్కరిని వెదకి పిలువవలసి వచ్చినది. ఇంతకాలము శిబిరములో మైకు పట్టుకొని పిలిచినవారు ఫోను పట్టుకొనిరి. అపార్టుమెంటు సంఘముల వారితో మాట్లాడి, వాహనమును అక్కడికే పంపి, గంటకు నలుగురు చొప్పున వేళలు నిర్ణయించి తీసికొనుట దేశమున అనేక నగరములలో జరిగినది. కొన్నిచోట్ల దాతకు పోలీసు అనుమతి చీటీ ఇప్పించి, వాహనముపై తెచ్చి దింపిరి. హైదరాబాదులో 1998 నుండి రక్తనిధి నడుపుచున్న నటుడు చిరంజీవి 2020 ఏప్రిల్‌లో తాను స్వయముగా రక్తమిచ్చి, అభిమానులను ఇండ్లనుండి వచ్చి ఇండని కోరెను. నూరుగురు వచ్చు శిబిరమునకు బదులు నూరు ఫోను పిలుపులు; శ్రమ పదింతలు, ఫలము తక్కువ. కాని ఈ పద్ధతిలో ఒక గుణము కలదు. పేరు పెట్టి పిలిపించుకొని వచ్చినవాడు తన స్నేహితునితో గుంపులో వచ్చినవానికంటె గట్టి దాత. ఆ ఫోను పట్టికలను తరువాతను సాగించినవారు లాభపడియుందురని మా నమ్మకము.

నడుమ ప్లాస్మా ఘట్టము ఒకటి జరిగినది. కోవిడ్ నుండి కోలుకొన్నవారి ప్లాస్మాలో ఆ వ్యాధిని ఎదిరించు పదార్థములుండును గనుక, దానిని రోగికెక్కించిన మేలగునని ఆశించిరి. ఈ ఊహ క్రొత్తది కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలమునను కోలుకొన్నవారి రక్తమును వాడి చూచిరి. 2020లో పత్రికలలో, రేడియోలో, వాట్సాప్‌లో ప్లాస్మా దాతలకై విజ్ఞప్తులు మారుమ్రోగెను. ఎన్నడును బ్లడ్ బ్యాంకు మొగము చూడనివారు అనేకులు ముందుకు వచ్చిరి. కాని భారత వైద్య పరిశోధన మండలివారు 39 ఆసుపత్రులలో 464 మంది రోగులపై పరిశీలించి, ప్లాస్మావలన మరణములు తగ్గుటగాని, జబ్బు ముదురుట తగ్గుటగాని లేదని తేల్చిరి. 2021 మే 17న దానిని చికిత్సాక్రమమునుండి తొలగించిరి.

శాస్త్రము తన పని తాను చేసినది. ఇచ్చినవారి తప్పును లేదు, అడిగినవారి తప్పును లేదు. మేము ఆలోచించునది వేరు. ఫలానా వార్డులో ఫలానా రోగికి నీ ప్లాస్మా కావలెను అన్నప్పుడు పరుగెత్తి వచ్చిన ఆ మనుష్యుడు, ప్లాస్మా అక్కరలేదన్న పిమ్మట ఏమయ్యెను? ఆరోగ్యవంతుడు, సూదికి భయపడనివాడు, పరోపకారబుద్ధి గలవాడు. అతనిని పిలిచి, “ప్లాస్మా పద్దు ముగిసినది, రక్తపు పద్దు తెరిచియున్నది” అని ఎవరైన చెప్పిరా? చెప్పినచోట అతడు ఈనాటికిని దాతయై యుండును.

టీకాలు వచ్చినవి, టీకాలతో క్రొత్త చిక్కును వచ్చినది. 2021 మార్చిలో వెలువడిన మొదటి నిబంధన ప్రకారము కడపటి మోతాదు తరువాత 28 దినముల వరకు రక్తమియ్యరాదు. రెండు మోతాదుల నడుమ వారములను కలుపుకొని లెక్కించిన, దాత రెండు మూడు నెలలు దూరమైనట్లే. మే 1 నుండి 18 ఏండ్లు నిండినవారందరికి టీకా అనిరి. రక్తమిచ్చువారిలో హెచ్చుమంది ఆ ప్రాయమువారే! టీకాకు ముందే వచ్చి రక్తమిచ్చి పొండని యువజన సంఘములవారు దేశమంతట వేడుకొనిరి. మే మొదటివారములో నిబంధనను సవరించి, ఏ మోతాదు తరువాతనైనను 14 దినములు చాలుననిరి. సవరణ మంచిదే. కాని మొదటి మాట నూరు చెవులకు చేరిన, సవరణ పది చెవులకు చేరును. “టీకా వేసుకొన్నవారు రక్తమియ్యరాదట” అను సగము మాట చాలకాలము ప్రచారములో నిలిచినది.

ఇంతవరకు చెప్పినది ఆ రెండు సంవత్సరముల ఇబ్బంది. మహమ్మారి చేసిన పెద్ద నష్టము ఆ నెలలలో తీయక పోగొట్టుకొన్న సంచులలో లేదని మా అభిప్రాయము. ఆ సంచులు ఎటులైనను నలువది దినములకు చెల్లిపోవునవియే. అప్పుడు తయారు కాక తప్పిపోయిన దాతలే అసలు నష్టము.

రక్తదాత ఒకనాట తయారు కాడు. మొదటిసారి వచ్చుటకు నూరు కారణములుండును. మిత్రుడు లాగికొని వచ్చును, కళాశాలలో సెలవు దొరకును, తన గ్రూపు ఏదో తెలిసికొనవలెనను కుతూహలముండును. రెండవసారి వచ్చువాడు తనంతట తాను వచ్చును. ఈ రెండవ రాకయే గట్టు. మొదటి దానము తరువాత ఎంత త్వరలో రెండవ దానము జరిగిన, ఆ మనుష్యుడు శాశ్వత దాతయగుట అంత నిశ్చయమని పలు దేశములలో ఈ విషయమును శోధించినవారు కనుగొనిరి. ఏడాది గడచిన సగము మరచును. రెండేండ్లు గడచిన అతనికి అది ఒకప్పటి జ్ఞాపకము మాత్రమే. 2019 డిసెంబరులో మొదటిసారి ఇచ్చిన విద్యార్థి 2020 మార్చి, ఏప్రిల్ మాసములలో రెండవసారి ఇయ్యవలసినవాడు. అతని గట్టు సరిగా ఆ దినములలోనే తెగినది.

అంతకంటె పెద్ద విషయము ఒకటి కలదు. డిగ్రీ చదువు మూడేండ్లు. అందు సుమారు రెండేండ్లు తరగతులు ఇంటిలో ఫోనులందే గడచిన, ఆ విద్యార్థి కళాశాల హాలులో మంచముపై పడుకొన్న స్నేహితుని చూడలేదు, చేతిలో రబ్బరు బంతి నొక్కుచు నవ్వుచున్న సీనియరును చూడలేదు, పిమ్మట ఇచ్చు బిస్కట్లను పంచుకొనలేదు. రక్తదానము గూర్చి ఉపన్యాసములచే నేర్చువారు కొద్దిమంది. ప్రక్కవానిని చూచి నేర్చువారే అధికులు. ఒక తరగతి మొత్తము చూడకయే పట్టా పుచ్చుకొని, ఉద్యోగములకై హైదరాబాదు, బెంగుళూరు చేరినది. అమెరికాలో ఈ సంగతి అంకెలలోనే తేలినది. 2019లో అక్కడి రెడ్‌క్రాస్ దాతలలో ఇంచుమించు నాలుగవ వంతు విద్యార్థులు. మహమ్మారి కాలమున వారు పదవ వంతునకు దిగిరి. పాఠశాలలలో, కళాశాలలలో శిబిరములు నూటికి 62 వంతులు తగ్గినవి. 2022 జనవరిలో, అనగా టీకాలు వచ్చి ఏడాది దాటిన పిమ్మట, ఆ సంస్థ తన చరిత్రలో మొదటిసారిగా జాతీయ రక్తసంక్షోభమును ప్రకటించినది. రోగము నెమ్మదించినను దాతల పట్టిక కోలుకొనలేదని దీనివలన తెలియుచున్నది.

తిప్పిపంపబడిన దాతల మాటయు చెప్పవలయును. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తక్కువైనను, మలేరియా తగ్గి మూడు నెలలు కాకున్నను, ఇంక పలు కారణములచేతను కొందరిని తాత్కాలికముగా వద్దందురు. మన స్త్రీలలో రక్తహీనత అధికమగుటచే వారు తరచుగా ఇట్లు తిరిగిపోవుచుందురు. ఒకసారి తిప్పబడినవారు మరల వచ్చుట అరుదని రక్తనిధులవారికి చిరకాల అనుభవము. మహమ్మారిలో ఈ తిప్పివేతలు పెరిగినవి. దగ్గు ఉన్నదా, ప్రయాణము చేసితివా, టీకా ఎప్పుడు అని అడిగి పంపివేసిరి. అడుగుట ఆవశ్యకమే. కాని “ఇప్పుడు కాదు” అని మాత్రమే చెప్పి పంపిన, వినువాడు “నీవు పనికిరావు” అని విన్నట్లు ఇల్లు చేరును. ఫలానా తేదీ తరువాత రండి అని చీటీపై వ్రాసి ఇచ్చుటకు పట్టు కాలము అరనిమిషము. ఇనుము లోపించిన యువతికి మాత్రలు చెప్పి, మూడునెలలకు పిలిచిన ఆమె ఆరోగ్యమును బాగుపడును, పట్టికయు నిలుచును.

విశాఖ వంటి శ్రామిక నగరమున దాతను నిలుపుకొనుటకు అతని పనివేళలు తెలియవలయును. ఉక్కు కర్మాగారమునను, ఓడరేవునను పని మూడు షిఫ్టులలో సాగును. రాత్రి షిఫ్టు చేసి నిద్రలేక వచ్చినవానినుండి రక్తము తీయరాదన్నది నియమము. దూరపు లారీలు నడపువారు, ఎత్తులలో పనిచేయువారు, సముద్రములో మునిగి పనిచేయువారు రక్తమిచ్చిన పిమ్మట 24 గంటలకు ముందు పనికి పోరాదు. కావున గేటువద్ద అకస్మాత్తుగా శిబిరము పెట్టి పిలిచిన, రాదలచినవారు కూడ తిరిగిపోవలసి వచ్చును. వారపు సెలవు ఏనాడో పట్టికలో వ్రాసికొని, దానికి ముందునాడు పిలుచువారికి దాతలు దొరకుదురు.

మరియొక జాగ్రత్త. ఆపద వచ్చినదని ఒక్కనాడే అందరు మూగుటయు మేలు కాదు. 2001 సెప్టెంబరులో న్యూయార్కు గోపురములు కూలినప్పుడు అమెరికనులు లక్షలకొలదిగా వరుస కట్టి రక్తమిచ్చిరి. వాడకము అంత లేకపోవుటచే చాల సంచులను పారవేయవలసి వచ్చినది. అంతమంది ఒక్కనాడు ఇచ్చిన, పిమ్మట కొంతకాలము వరకు వారెవరును ఇయ్యలేరు. తెలిసిన బ్లడ్ బ్యాంకువారు వచ్చిన ఉత్సాహవంతులలో కొందరి పేర్లు వ్రాసికొని, “వచ్చే నెల పిలుస్తాము” అని పంపుదురు. కేంద్ర ప్రభుత్వమువారి ఈ-రక్తకోశ్ అను ఏర్పాటు వలన ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు నిలువయున్నదో ఫోనులోనే చూడవచ్చును. దానిని చూచి, తక్కువయున్నచోటికి తక్కువయున్ననాడు పోవుట చదువుకొన్న దాతకు తగిన పని.

మా సంగతి చెప్పక ముగించిన అది కపటమగును. మహమ్మారికి ముందు మేము ఏటికి రెండుసారులు తప్పక ఇచ్చువారలము. మా కార్డుపై కడపటి తేదీ 2020 జనవరి మాసమునది. తరువాత లాక్‌డౌన్ అంటిమి, పిమ్మట ఇంటిలో పెద్దవారంటిమి, టీకా అంటిమి, రెండవ తరంగమంటిమి. తరంగములన్నియు పోయినవి; కార్డు మాత్రము బల్ల సొరుగులోనే పడియుండెను. భయము లేదు, అభ్యంతరము లేదు, ఊరక మానివేసితిమి. మా వంటివారు ఎందరో!

2022 చివర ఒక సాయంకాలము ఫోను వచ్చినది. ఎవరో యువతి, గొంతు నెమ్మదిగా ఉన్నది. “చివరిసారి మీరు ఇచ్చింది 2020 జనవరిలోనండి. ఇంట్లో అందరూ కులాసాయేనా?” అని అడిగినది. రక్తము కావలెనని అనలేదు. మా ఇంటిలో ఎవరు జబ్బుపడిరో, ఎవరు లేచిరో ఓపికతో విన్నది. ఆదివారము ఉదయము తొమ్మిది మొదలు తెరిచియుందురా అని మేమే అడిగితిమి.

ఆదివారము పోయితిమి. బరువు చూచిరి, వ్రేలు గ్రుచ్చి హిమోగ్లోబిన్ చూచిరి, రక్తపు పోటు చూచిరి. ప్రక్క మంచముపై ఉక్కునగరమునుండి వచ్చిన ఒక కార్మికుడు, అతని కాళ్లవద్ద కుర్చీలో పదునెనిమిదేండ్లు నిండుటకు ఇంకను రెండు నెలలున్న అతని కుమారుడు. బిస్కట్లు తండ్రికి ఇచ్చిరి, తినినది కొడుకు. మా పాత కార్డు తీసికొని క్రొత్తది ఇచ్చుచు, ఇచ్చిన తేదీ క్రింద తొంబది దినముల తరువాతి తేదీని పెన్సిలుతో వ్రాసిరి.